ఇంట్లోని రంగుల పెట్టెతో ప్రసిద్ధ చిత్రాలు: పిల్లల చేత వేయించే పద్ధతి

పిల్లల చేత ఒక ప్రసిద్ధ వర్ణచిత్రాన్ని వేయించాలని ముచ్చటపడే తల్లిదండ్రులు సాధారణంగా పేరుకే పెద్దపీట వేస్తారు. అందరికీ తెలిసిన బొమ్మ కదా అని మోనాలిసాను ఎంచుకొని, ఫోన్‌లో దాన్ని చూపించి, పిల్లవాడి ముందు పన్నెండు రంగుల పోస్టర్ కలర్ పెట్టె తెరిచి పెడతారు. అరగంట తిరగకముందే పిల్లవాడు ముఖం చిన్నబుచ్చుకొని లేచిపోతాడు. ఇందులో వాడి చేతి తప్పేమీ లేదు. లియొనార్డో ఆ చిత్రాన్ని పోప్లర్ చెక్క పలక మీద నూనె రంగులతో, పలచని పొర మీద మరో పలచని పొర వేస్తూ, ఎక్కడా గీత కనిపించకుండా వెలుగును నీడలోకి జార్చుతూ వేశాడు. నూనె రంగు నెమ్మదిగా ఆరుతుంది కనుకనే ఆ పని సాధ్యమైంది. పోస్టర్ కలర్ కొద్ది నిమిషాల్లోనే ఆరిపోతుంది; ఆరిన రంగుకు తడి కుంచె తగిలిందంటే అడుగు పొర లేచి వచ్చి మసకబారుతుంది. ఆ పెట్టెలో ఉన్న సరుకుతో ఆ బొమ్మను అలా వేయడం పెద్దవాళ్లకు కూడా చేతకాదు.

అందుచేత చిత్రాన్ని దాని పేరును బట్టి కాక, ఇంట్లో ఉన్న రంగులను బట్టి ఎంచుకోవాలి. పిల్లల పెట్టెలోని సామగ్రికి దగ్గరగా ఉండే సామగ్రితో తయారైన గొప్ప చిత్రాలు చాలానే ఉన్నాయి. జపాన్ చిత్రకారుడు హోకుసాయ్ వేసిన పెద్ద అల నీటిలో కలిసే రంగులతో కాగితం మీద అచ్చయింది. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ తన చివరి సంవత్సరాల్లో చేసినవి గ్వాష్ పూసిన కాగితాలను కత్తిరించి అతికించినవి. గ్వాష్ మన పోస్టర్ కలర్‌కు దగ్గరి బంధువే. కథలు చెప్పడానికి గుడ్డ మీద వేసే చేర్యాల నకాషీ పటాల్లోనూ బెంగాల్ చిత్రకారుడు జామినీ రాయ్ బొమ్మల్లోనూ రంగు చదునుగా, దళసరిగా నిలుస్తుంది, దాని మీద గీత నడుస్తుంది. ఇలాంటి వాటిని ఎంచుకున్నప్పుడు పిల్లలు బొమ్మ ఆకారంతో పాటు అది తయారైన పద్ధతిని కూడా తమ చేతులతో తిరిగి చేస్తారు.

పెట్టెలో ఏముండాలి

పెద్ద పెట్టె అక్కర్లేదు. ఒక వాటర్ కలర్ సెట్టు, ఒక పోస్టర్ కలర్ సెట్టు, ఇరవై నాలుగు రంగుల ఆయిల్ పేస్టల్స్ ఉంటే ఈ వ్యాసంలోని పనులన్నీ జరుగుతాయి. వాటర్ కలర్ పారదర్శకం కనుక కింద ఉన్న కాగితం తెలుపే అందులో వెలుగుగా పనిచేస్తుంది. లేత రంగు ముందు, ముదురు రంగు తరువాత వేయాలి. పోస్టర్ కలర్ కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది కనుక ముదురు మీద లేత రంగు కూడా వేయవచ్చు. యాక్రిలిక్ రంగు ఆరిన తరువాత నీటికి కరగదు. అది దాని బలమే గాని, చొక్కాకు అంటినా, కుంచెలో ఎండిపోయినా ఇక వదలదు కాబట్టి పదేళ్ల లోపు పిల్లలకు దాన్ని పెద్దవాళ్లు దగ్గర ఉన్నప్పుడే ఇవ్వాలి. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు పోస్టర్ కలర్ కోసం వెతికేటప్పుడు, అమెరికాలో పిల్లల రంగులు ఎక్కువగా టెంపెరా అనే పేరుతో దొరుకుతాయని గుర్తుంచుకుంటే చాలు.

కుంచెల్లో గుండ్రటివి 2, 6, 10 నంబర్లు, అర అంగుళం వెడల్పున్న చదును కుంచె ఒకటి సరిపోతాయి. ఖర్చు పెట్టదలచుకుంటే రంగుల మీద కాక కాగితం మీద పెట్టాలన్నది నా అభిప్రాయం. జిరాక్స్ కాగితం మీద వాటర్ కలర్ పూస్తే అది వెంటనే ముడతలు పడి, రెండో పూతకు పొట్టు లేస్తుంది. దాన్ని చూసి పిల్లలు తమకు రంగులు వేయడం రాదనుకుంటారు. 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) లేదా అంతకంటే మందమైన డ్రాయింగ్ షీటు కొని, దాన్ని పరీక్ష అట్ట మీద గానీ ప్లైవుడ్ ముక్క మీద గానీ నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అంటించి పని మొదలుపెట్టాలి. వీటితో పాటు నీళ్లకు రెండు డబ్బాలు, పాత నూలు గుడ్డ, రంగులు కలుపుకోవడానికి ఒక తెల్ల పళ్లెం ఉండాలి. ఇంట్లో తాగే గ్లాసులను కుంచెలు కడగడానికి వాడకూడదు. రంగు నీళ్లున్న గ్లాసును పిల్లలు పొరపాటున నోట్లో పెట్టుకోవడం మామూలే.

బజారులో ఇప్పుడు అంకెలు అచ్చువేసిన కాన్వాసు కిట్లు విరివిగా దొరుకుతున్నాయి. 1950 దశకం ఆరంభంలో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక రంగుల కంపెనీలో పనిచేసిన డాన్ రాబిన్స్ వీటికి రూపమిచ్చాడు. ఏ గడిలో ఏ రంగో కంపెనీ ముందే నిర్ణయించి ఇస్తుంది కాబట్టి పిల్లలకు గీత దాటకుండా నింపే ఓర్పు అలవడుతుంది, ప్రయాణాల్లో కాలక్షేపం కూడా అవుతుంది. అయితే రంగు కలపడం, ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడం అనే రెండు ముఖ్యమైన పనులు అందులో ఉండవు. అలాంటి కిట్టు ఇంట్లో ఉంటే అందులోని కుంచెలు, రంగులు తీసుకొని విడి కాగితం మీద వాడుకోవచ్చు.

ముందు చూడనివ్వాలి

కుంచె పట్టేముందు పిల్లలు చిత్రాన్ని పది నిమిషాలైనా చూడాలి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2018 నుంచి, హక్కుల గడువు ముగిసిన తమ చిత్రాల ఫొటోలను పెద్ద సైజులో ఉచితంగా అందిస్తున్నాయి. హోకుసాయ్ అల ప్రతులు ఈ రెండు చోట్లా ఉన్నాయి. ఫోన్ కంటే ల్యాప్‌టాప్ మీద చూపించి, దగ్గరకు జరిపి కుంచె జాడలనూ కాగితపు నేతనూ చూడనివ్వడం మంచిది. వీలైన వాళ్లు రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలకో, హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియానికో పిల్లలను ఒకసారి తీసుకువెళితే అసలు చిత్రం పైపొర ఎలా ఉంటుందో, అచ్చుబొమ్మకూ దానికీ తేడా ఏమిటో మాటలతో పని లేకుండా తెలుస్తుంది.

చూసేటప్పుడు "బాగుందా?" అని అడిగితే వచ్చే జవాబు "బాగుంది" మాత్రమే. "ఇందులో అన్నిటికంటే ముందు ఏ రంగు వేసి ఉంటాడు? చివర ఏది వేసి ఉంటాడు? ఎక్కడ కుంచె వాడకుండా వదిలేశాడు?" అని అడిగితే పిల్లలు వేలు పెట్టి చూపించడం మొదలుపెడతారు. జవాబు తప్పయినా ఫర్వాలేదు. ఆ క్రమాన్ని ఊహించడమే వాళ్ల పనికి ప్రణాళిక అవుతుంది.

అల

ఏడేళ్లు దాటిన పిల్లలకు మొదటి చిత్రంగా హోకుసాయ్ వేసిన కనగావా పెద్ద అలనే సూచిస్తాను. ఇది సుమారు 1831లో, ఆయన డెబ్బై ఏళ్ల వయసులో ఉన్నప్పుడు, ఫూజీ పర్వతాన్ని రకరకాల చోట్ల నుంచి చూపే ముప్పై ఆరు దృశ్యాల వరుసలో భాగంగా వెలువడింది. ఇది చేత్తో వేసిన ఏకైక చిత్రం కాదు, చెక్క దిమ్మెలతో అచ్చొత్తిన బొమ్మ. చిత్రకారుడు పలచని కాగితం మీద గీసి ఇచ్చిన బొమ్మను చెక్కడం పనివాడు దిమ్మె మీద బోర్లా అంటించి, గీతల చుట్టూ చెక్కను తొలిచేవాడు. ఆ క్రమంలో హోకుసాయ్ స్వయంగా గీసిన కాగితం నాశనమైపోయేది. ఆ తరువాత అచ్చు పనివాడు ఒక్కో రంగును విడిగా ఒత్తుకుంటూ వచ్చేవాడు. అందువల్ల లండన్‌లో ఉన్నదీ న్యూయార్క్‌లో ఉన్నదీ అన్నీ అసలువే. మళ్లీ మళ్లీ తయారు కావడానికే పుట్టిన బొమ్మను పిల్లలు మరోసారి తయారు చేయడంలో ఒక సబబు ఉంది.

ఇందులో మరో సౌకర్యం కొలత. అసలు అచ్చు సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. ఏ3 డ్రాయింగ్ షీటుకు నాలుగు అంచుల మీదా అంగుళం వెడల్పు మాస్కింగ్ టేపు పూర్తిగా కాగితం మీదికే వచ్చేలా అంటిస్తే మధ్యలో మిగిలే చోటు దాదాపు అంతే ఉంటుంది. చిత్రం నిజంగా ఎంత చిన్నదో, ఆ చిన్న చోటులో అంత పెద్ద అల ఎలా పట్టిందో పిల్లలకు అప్పుడే తెలుస్తుంది.

పెన్సిలు పని తక్కువ ఉండాలి. ఎడమ పక్క నుంచి లేచి ముందుకు వంగే పెద్ద వంపు గీత, దాని కింద పల్లం, ఆ పల్లంలో మధ్యకు కొంచెం కుడిగా చిన్న ఫూజీ పర్వతం, అలల మధ్య మూడు పడవలు, వాటిలో వంగి ఉన్న మనుషుల తలలు గీస్తే చాలు. చాలామంది పిల్లలు పర్వతాన్ని ఇంకో అల అనుకుని నురగ పెట్టేస్తారు. దాని శిఖరం మీద ఉన్నది మంచు అని ముందే చూపించాలి. ముందున్న చిన్న అలకూ పర్వతానికీ ఒకే ఆకారం ఇవ్వడం హోకుసాయ్ కావాలని చేసిన చమత్కారం కాబట్టి ఆ పోలికను చూపించడం మానకూడదు.

తరువాత కొవ్వొత్తి ముక్కతో గానీ తెల్ల ఆయిల్ పేస్టల్‌తో గానీ నురగ ఉన్న చోట్లా, పర్వతం మీది మంచు మీదా, ఎగిరిన తుంపరల చోట్లా గట్టిగా రుద్దాలి. మైనం నీటిని పట్టనివ్వదు గనుక ఆ భాగాలు చివరిదాకా తెల్లగానే ఉంటాయి. అసలు అచ్చులో కూడా నురగ తెలుపు రంగు పూసినది కాదు, కాగితమే. ఆకాశానికి పలచటి టీ డికాషన్‌ను పెద్ద కుంచెతో పూస్తే పాత కాగితపు ఛాయ వస్తుంది. పర్వతం వెనుక మాత్రం ఆకాశాన్ని బూడిద రంగుతో ముదురు చేయాలి, లేకపోతే మంచు కనిపించదు.

ఇప్పుడు నీలం. ఈ చిత్రంలో ముఖ్యమైన రంగు ప్రష్యన్ బ్లూ. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో తయారైన ఈ కృత్రిమ వర్ణకం జపాన్‌కు చేరి, హోకుసాయ్ కాలంలో చిత్రకారులకు విరివిగా అందుబాటులోకి వచ్చింది. ఆ పేరుతోనే ఇది మన వాటర్ కలర్ సెట్లలో చాలావాటిలో ఉంటుంది. లేని పక్షంలో మామూలు నీలంలో కుంచె కొనతో రవ్వంత నలుపు కలపవచ్చు. మూడు చిన్న మూతల్లో ఒకే నీలాన్ని లేత, మధ్యరకం, ముదురుగా నీళ్లు మార్చి కలుపుకొని, అల మొత్తానికి ముందు లేత నీలం పూయాలి. అది పూర్తిగా ఆరాక మధ్యరకం చారలు, అవి ఆరాక ముదురు చారలు వేయాలి. తొందరపడే పిల్లలకు ఈ ఆరే విరామమే కష్టం. ఆ సమయంలో పడవలకు లేత పసుపు వేయించవచ్చు. చివరగా 2 నంబరు కుంచెతో ముదురు నీలం గీతలు గీయాలి. నల్ల స్కెచ్ పెన్ను వాడకపోవడం మంచిది, ఎందుకంటే అసలు అచ్చులో గీతలు కూడా నీలమే. ఆ ఒక్క సంగతి పాటిస్తే బొమ్మకు వచ్చే నిండుదనం చూసి పెద్దవాళ్లే ఆశ్చర్యపోతారు. అంతా ఆరాక టేపును కాగితానికి దగ్గరగా పడుకోబెట్టి మెల్లగా లాగాలి.

నక్షత్రాల రాత్రి

డచ్ చిత్రకారుడు వాన్ గో 1889 జూన్‌లో, ఫ్రాన్స్ దక్షిణాన సాన్ రెమీ అనే ఊళ్లో మానసిక చికిత్సాలయంలో ఉన్నప్పుడు ఈ చిత్రాన్ని వేశాడు. తూర్పు వైపు కిటికీలోంచి సూర్యోదయానికి ముందు కనిపించిన ఆకాశం, వేగుచుక్క దీనికి ఆధారం. అయితే కిందనున్న ఊరు ఆ కిటికీలోంచి కనిపించేది కాదు. దాన్ని ఆయన ఊహించి చేర్చాడు. ఈ విషయం చెబితే పిల్లలకు ఒక స్వేచ్ఛ దొరుకుతుంది. ఆకాశం వాన్ గోది, ఊరు తమది. గుడి గోపురం గానీ, నీళ్ల ట్యాంకు గానీ, తాము ఉండే అపార్ట్‌మెంటు గానీ అక్కడ పెట్టుకోవచ్చు.

అసలు చిత్రం సుమారు 74 సెంటీమీటర్ల ఎత్తు, 92 సెంటీమీటర్ల వెడల్పున్న కాన్వాసు మీద దళసరి నూనె రంగుతో వేసినది. అందులో కుంచె జాడలు గట్లు కట్టినట్టు పైకి లేచి ఉంటాయి. ఇంట్లో దీనికి రెండు దారులున్నాయి. ఆరేడేళ్ల పిల్లలకు ఆయిల్ పేస్టల్స్ అనువైనవి. పెన్సిలుతో కొండల గీత, సైప్రస్ చెట్టు అంచు, చంద్రుడికీ నక్షత్రాలకూ గుండ్రాలు మాత్రం గీయించాలి. సుడిని పెన్సిలుతో గీయనివ్వకూడదు. ఒక గుండ్రం చుట్టూ రెండు సెంటీమీటర్ల పొడవున్న పొట్టి గీతలు ఒకదాని వెనుక ఒకటి నడిపిస్తూ పోతే, పక్క గుండ్రం నుంచి వచ్చే గీతలు వాటిని కలుసుకునే చోట సుడి దానంతట అదే ఏర్పడుతుంది. ముదురు నీలం పక్కన లేత నీలం, దాని పక్కన తెలుపు, అక్కడక్కడ ఆకుపచ్చ, ఇలా వేసుకుంటూ మధ్య మధ్య సందులు వదలాలి. నీలి రంగు కాగితం మీద వేస్తే ఆ సందులు కూడా బొమ్మలో కలిసిపోతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన బళ్లలోనూ డ్రాయింగ్ తరగతుల్లోనూ ఆయిల్ పేస్టల్ పూసిన తరువాత వేలితోనో దూదితోనో రుద్ది నునుపు చేయడం అలవాటుగా నేర్పుతారు. సూర్యాస్తమయం బొమ్మకు అది బాగుంటుందేమో గాని ఈ చిత్రానికి అదే విరుద్ధం. గీత గీతగా కనిపించడమే ఇందులో ప్రాణం కనుక ఈ ఒక్క రోజు రుద్దడం నిషిద్ధమని పిల్లలతో ముందే ఒప్పందం చేసుకోవాలి.

తొమ్మిదేళ్లు దాటిన వాళ్లు దళసరి రంగుతో ప్రయత్నించవచ్చు. రెండు చెంచాల మైదాలో ఒక చెంచా ఫెవికాల్, కొద్దిగా నీళ్లు వేసి ఇడ్లీ పిండిలా కలిపి, దాన్ని నాలుగైదు భాగాలు చేసి ఒక్కో దానిలో పోస్టర్ కలర్ కలపాలి. దీన్ని కాగితం మీద కాక దళసరి అట్ట మీద, ఐస్‌క్రీమ్ పుల్లతోనో గట్టి కుంచెతోనో పెట్టాలి, ఎందుకంటే ఆరేటప్పుడు ఇది కాగితాన్ని చుట్ట చుట్టేస్తుంది. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. ఫ్యాను కింద ఒక రాత్రంతా ఆరనివ్వాలి. మైదా కలిసినందువల్ల వానాకాలంలో బూజు పట్టే అవకాశం ఉంది కనుక ఎక్కువ కాలం దాచుకోదలచిన వాళ్లు మైదా మాని యాక్రిలిక్ రంగునే నీళ్లు కలపకుండా వాడుకోవడం నయం. చెట్టును ఆకాశం ఆరిన తరువాత, ముదురు ఆకుపచ్చలో గోధుమ రంగు కలిపి, కింది నుంచి పైకి లాగే గీతలతో వేయాలి. ఊళ్లోని ఇళ్లకు మాత్రం గీతలు నిటారుగా, పొట్టిగా ఉండాలి. పైన అంత కదలిక ఉండగా కింద కదలని భాగం అదొక్కటే.

కత్తెరతో ఒక నత్త

నాలుగైదేళ్ల పిల్లలకు కుంచెతో పోలిక తేవడం సాధ్యం కాదు, తేవాలని ఆశించడం కూడా తగదు. వాళ్లకు హెన్రీ మతీస్ 1953లో చేసిన "నత్త" సరిగ్గా సరిపోతుంది. 1941లో జరిగిన పెద్ద ఆపరేషను తరువాత మతీస్‌కు ఎక్కువసేపు నిలబడి బొమ్మలు వేయడం కష్టమైంది. సహాయకులు కాగితాలకు గ్వాష్ పూసి ఇస్తే ఆయన వాటిని కత్తెరతో నేరుగా కత్తిరించి, తాను చెప్పిన చోట వాళ్ల చేత గుండుసూదులతో గుచ్చించి, మార్పించి, తృప్తి కలిగాకే అతికింపించేవాడు. లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉన్న ఈ చిత్రం ఒక్కో వైపు దాదాపు మూడు మీటర్లు ఉంటుంది.

ఈ పనిని రెండు పూటలుగా విడదీయాలి. మొదటి పూట పిల్లలు మామూలు కాగితాలకు ఒక్కో దానికి ఒక్కో పోస్టర్ కలర్‌ను చదును కుంచెతో అంచు నుంచి అంచుకు పూసి ఆరబెట్టాలి. ఆరాక వాటిని బరువైన పుస్తకాల కింద పెడితే చదునవుతాయి. రంగు కాగితాలు కొనుక్కోవచ్చు కదా అనిపిస్తుంది గాని, పూసిన కాగితంలో కుంచె చారలు నిలుస్తాయి, వాటి వల్లనే ముక్కలకు జీవం వస్తుంది. రెండో పూట మొన లేని కత్తెరతో పెన్సిలు గీత లేకుండా పది పన్నెండు పెద్ద ముక్కలు కత్తిరించి, తెల్ల చార్టు మీద మధ్య నుంచి బయటికి తిరిగే సుడి వరుసలో పేర్చాలి. ఎరుపు పక్కన ఆకుపచ్చ, నారింజ పక్కన నీలం పెట్టి చూడమనాలి. జిగురు సీసాను పిల్లలకు అందకుండా ఉంచి, పేర్చడం పూర్తయిందని వాళ్లు చెప్పిన తరువాతే ఇవ్వాలి. చేతిలో జిగురుంటే ఏ పిల్లలూ రెండోసారి ఆలోచించరు.

ఇదే వయసు వాళ్లకు చుక్కల పని కూడా చెప్పవచ్చు. ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సూరా 1884 నుంచి 1886 వరకు చిన్న చిన్న రంగు చుక్కలతో వేసిన గ్రాండ్ జాత్ దీవి ఆదివారం చిత్రం సుమారు రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని పూర్తిగా వేయించాలనుకోవడం శిక్షే. పోస్టుకార్డంత కాగితం మీద ఒక చెట్టు, కొంత గడ్డి మాత్రం తీసుకొని, ఇయర్ బడ్స్‌తో పసుపు చుక్కల మధ్య నీలం చుక్కలు పెట్టించి, అవి దూరానికి ఎలా కలిసిపోతాయో గదికి అవతలి గోడ దగ్గర నిలబడి చూడమంటే సరిపోతుంది. ఒక్కో రంగుకు ఒక్కో బడ్ ఉండాలన్నదే ఇందులో పాటించవలసిన జాగ్రత్త.

గీత నేర్పే చిత్రాలు

పదేళ్లు దాటిన పిల్లలకు మన దగ్గరి చిత్రాలే అన్నిటికంటే కఠినమైన పాఠం. జామినీ రాయ్ (1887–1972) పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొంది, పేరు కూడా సంపాదించి, తరువాత దాన్ని వదిలి బెంగాల్ పటచిత్రాల వైపు మళ్లాడు. పొడవైన కళ్లు, తెగని వంపు గీతలు, కొద్దిపాటి రంగులు ఆయన గుర్తులు. చూడటానికి అతి సులువుగా కనిపించే ఆ గీతను కుంచెతో ఒక్క ఊపులో లాగడం ఎంత కష్టమో, గీయడం మొదలుపెట్టిన పిల్లలకే తెలుస్తుంది. అందుకని నేరుగా మంచి కాగితం మీదికి వెళ్లకుండా, పాత వార్తాపత్రిక మీద కుంచెను నిటారుగా పట్టుకొని, మణికట్టును కాక భుజాన్ని కదుపుతూ పొడవైన వంపులు గీయించాలి. చేయి కుదిరాక ముఖం గీసి, లోపల పోస్టర్ కలర్ చదునుగా నింపి, పూర్తిగా ఆరాక నల్ల గీత వేయాలి. ఆ నలుపు నీళ్లు తక్కువగా, చిక్కగా ఉండాలి. ఒకే చోట రెండుసార్లు కుంచె ఆడిస్తే కింది రంగు కరిగి గీత చెదురుతుంది.

చేర్యాల పటాలది ఇదే కుదురు, ఇంకాస్త సందడి. ఒకప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపిన పూత పూసి, దాని మీద కథను వరుస వరుసలుగా చిత్రించేవారు. కథ చెప్పే కళాకారులు ఆ పటాన్ని విప్పుతూ, బొమ్మలు చూపిస్తూ పాడేవారు. గొల్లలకు కాటమరాజు కథ, పద్మశాలీలకు మార్కండేయ పురాణం, ఇలా కులానికో కథ ఉండేది. నేపథ్యం ఎక్కువగా ఎరుపు, దాని మీద పసుపు, నీలం, ఆకుపచ్చ మెరుస్తాయి. ఇంట్లో ఒక చార్టును నిలువుగా రెండు పట్టీలుగా కత్తిరించి, వాటిని వెనుక నుంచి టేపుతో అతికిస్తే పొడవైన పటం తయారవుతుంది. దాన్ని నాలుగైదు గళ్లుగా విభజించి, బొమ్మల అంచులు గీసుకొని, ముందు ఎరుపు నేపథ్యం, తరువాత ఒళ్లు, బట్టలు, చివర గీతలు, నగలు అనే వరుసలో వేయించాలి. పై చివరా కింది చివరా రెండు కర్రపుల్లలు అంటిస్తే చుట్టుకోవడానికి వీలవుతుంది. కథ మాత్రం పిల్లలు నోటితో చెప్పగలిగినదై ఉండాలి. తాతయ్య చెప్పిన కథైనా సరే, వాళ్లు ఆడిన క్రికెట్ మ్యాచైనా సరే.

ట్రేసింగు సంగతి

కిటికీ అద్దానికి ఆనించి బొమ్మను దించుకోవడం మోసమని కొందరు తల్లిదండ్రులు భావిస్తారు. కానీ వాన్ గో కూడా 1887లో పారిస్‌లో ఉన్నప్పుడు జపాన్ చిత్రకారుడు హిరోషిగే వేసిన ప్లమ్ తోట అచ్చును ట్రేసింగు కాగితం మీదికి దించి, దాని మీద గడులు గీసి పెద్దది చేసి వేశాడు. ఆ గడుల కాగితం ఇప్పటికీ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. సాన్ రెమీలో ఉన్నప్పుడైతే ఫ్రెంచి చిత్రకారుడు మిలే చిత్రాల నలుపు తెలుపు అచ్చులు ముందు పెట్టుకొని, వాటికి తన రంగులు తాను కల్పించుకొని ఇరవై దాకా చిత్రాలు వేశాడు. 1909 నుంచి 1911 వరకు నిజాం రాజ్యంలోని అజంతా గుహల్లో ఇంగ్లండు చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ చేపట్టిన ప్రతుల పనిలో బెంగాల్ చిత్రకారుడు నందలాల్ బోస్‌తో పాటు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అహ్మద్ కూడా కూర్చొని గోడ బొమ్మలను కాగితం మీదికి ఎత్తారు. చూసి వేయడం, దించుకోవడం చిత్రకారుల చదువులో ఎప్పుడూ ఉన్నవే.

కాబట్టి పదేళ్ల లోపు వాళ్లకు కష్టమైన అంచు ఒకటి రెండు ఉంటే దించుకోనివ్వవచ్చు. అంతకంటే పెద్ద పిల్లలకు గడుల పద్ధతి మేలు. ఏ4 కాగితం మీద తీసిన ప్రింటుపై మూడు సెంటీమీటర్ల గడులు, ఏ3 షీటుపై నాలుగుంపావు సెంటీమీటర్ల గడులు గీస్తే సంఖ్య సరిపోతుంది. ఒక్కో గడిలో గీత ఎక్కడ మొదలై ఎక్కడ బయటికి వెళ్తోందో మాత్రమే చూసి వేయాలి. వాన్ గో మిలేతో చేసిన ఆటను కూడా ఇంట్లో ఆడవచ్చు. నచ్చిన చిత్రాన్ని నలుపు తెలుపులో ప్రింటు తీసి ఇచ్చి, రంగులు పిల్లల ఇష్టానికి వదిలేసి, పని పూర్తయ్యాకే అసలు రంగులు చూపించాలి.

పని జరుగుతుండగా పెద్దలు పిల్లల కాగితం మీద తమ కుంచె పెట్టకూడదు. చూపించవలసింది ఉంటే పక్కన వేరే కాగితం మీద చూపించాలి. పూర్తయిన బొమ్మ వెనుక పిల్లల పేరు, తేదీ, "హోకుసాయ్ చిత్రం చూసి వేసినది" అన్న మాట రాయించడం మొదటి రోజు నుంచే అలవాటు చేయాలి. మన దేశంలో చిత్రకారుడు మరణించిన తరువాత అరవై ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. ఇంట్లో సాధనకు ఇబ్బంది లేదు గాని, జామినీ రాయ్ వంటి వారి బొమ్మలను చూసి వేసినవాటిని అమ్మకానికి పెట్టేముందు ఆ సంగతి చూసుకోవాలి.

బొమ్మలు దాచే విషయంలో రంగును బట్టి జాగ్రత్త మారుతుంది. పోస్టర్ కలర్ దళసరిగా వేసిన కాగితాన్ని చుడితే రంగు పెళుసుగా రాలిపోతుంది కనుక దాన్ని ఫైలులో చదునుగానే ఉంచాలి. చేర్యాల పద్ధతిలో చేసిన పటాన్ని చుట్టదలచుకుంటే రంగును పలచగా పూయించాలి. ఆయిల్ పేస్టల్ ఎన్నాళ్లయినా పూర్తిగా గట్టిపడదు, పై కాగితానికి అంటుకుంటుంది, కాబట్టి మధ్యలో బటర్ పేపర్ పెట్టాలి. వాటర్ కలర్ అలను గోడకు తగిలించేటప్పుడు ఎండ నేరుగా పడని గోడను చూసుకుని, అద్దమున్న ఫ్రేములో పెట్టాలి.